రేడియో ఫ్లాష్ ట్రిగ్గర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పోర్ట్రెయిట్లకు ఫ్లాష్‌ని కెమెరా మీద నుంచి దించి, పక్కన స్టాండ్ మీద పెట్టి తీయడం అలవాటైతే మళ్ళీ పాత పద్ధతికి వెళ్ళబుద్ధి కాదు. నేను వాడేది మధ్యరకం సెట్: కెమెరా మీద ఉండి ఫ్లాష్‌కి రేడియో సిగ్నల్ పంపే 2.4 గిగాహెర్ట్జ్ ట్రిగ్గర్ ఒకటి, ఆ సిగ్నల్ అందుకునే రిసీవర్ లోపలే ఉన్న స్పీడ్‌లైట్లు (చిన్న ఫ్లాష్‌లు) రెండు. ఇన్నాళ్ళ వాడకం తర్వాత కూడా కొనమనే చెబుతాను. ఫ్లాష్ వెలగనప్పుడు మనం రేడియో మీద వేసే నిందల్లో చాలావరకు దానివి కావు.

ఫ్లాష్ వెలగకపోతే ముందు ట్రిగ్గర్ మీదున్న టెస్ట్ బటన్ నొక్కండి. ఫ్లాష్ వెలిగిందా, రేడియో బాగానే ఉంది. తేడా కెమెరాకూ ట్రిగ్గర్‌కూ మధ్య ఉంది: హాట్ షూ (కెమెరా పైన ట్రిగ్గర్‌ని బిగించే చోటు) లేదా కెమెరా సెట్టింగ్. వెలగకపోతే స్టాండ్ దగ్గరికెళ్ళి ఫ్లాష్ సొంత టెస్ట్ బటన్ నొక్కండి. అప్పుడు వెలిగితే ట్రిగ్గర్‌లోనూ ఫ్లాష్‌లోనూ ఛానెల్, ఐడీ, గ్రూప్ ఒకేలా ఉన్నాయా అని సరిచూడాలి. అప్పుడూ వెలగకపోతే బ్యాటరీలు. ఎదురుగా మనిషి కూర్చుని ఎదురు చూస్తున్నప్పుడు వచ్చే టెన్షన్‌లో ఈ వరుస ఒక్కటి గుర్తుంటే చాలు.

నా ట్రిగ్గర్‌లో నిజమైన లోపం దాని అడుగున హాట్ షూలోకి దూరే ఫుట్. వాడగా వాడగా లాక్ వదులైంది. కాస్త వెనక్కి జరిగితే చాలు, చిన్న పిన్నులు కాంటాక్ట్‌లకు తగలవు. చాలా కెమెరాల్లో మధ్య కాంటాక్ట్ ఒక్కటి తగిలినా ఫ్లాష్ వెలుగుతుంది, కానీ టీటీఎల్ (ఫ్లాష్ పవర్‌ని కెమెరాయే నిర్ణయించడం), హైస్పీడ్ సింక్ (బాగా వేగమైన షట్టర్‌తోనూ ఫ్లాష్ వాడనివ్వడం) పనిచేయవు. అందుకే ఇది మోసం చేసే లోపం: వెలుతురు వస్తుంది, ఎక్స్‌పోజర్ మాత్రం ఎటో పోతుంది. ట్రిగ్గర్‌ని చివరిదాకా తోసి లాక్ చేయడం, కాంటాక్ట్‌లను పొడి మెత్తటి బట్టతో తుడవడం ఇప్పుడు ప్రతి షూట్‌కి ముందు చేస్తాను. ఈ ధరకి ఇంకాస్త గట్టి ఫుట్ ఇచ్చి ఉండాల్సింది.

మిర్రర్‌లెస్ కెమెరా వాడేవాళ్ళకు ఒక మాట. సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) ఆన్‌లో ఉంటే చాలా కెమెరాలు ఫ్లాష్‌కి సిగ్నలే పంపవు. ట్రిగ్గర్ మార్చినా, బ్యాటరీ మార్చినా ఫలితం ఉండదు. మెకానికల్ షట్టర్‌కి మార్చగానే వెలుగుతుంది.

నాలుగు ఫ్రేములు బాగా వచ్చి ఐదోది చీకటిగా వస్తే అది సాధారణంగా కనెక్షన్ తెగడం కాదు, ఫ్లాష్ మళ్ళీ ఛార్జ్ కావడానికి సమయం చాలకపోవడం. పవర్ సగానికో పావుకో తగ్గించి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) కొంచెం పెంచి చూడండి. మంచి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వేస్తే ఛార్జింగ్ కూడా త్వరగా అవుతుంది. ఫొటోలో ఒక అంచున నల్లటి పట్టీ కనబడితే అదీ కనెక్షన్ గొడవ కాదు. షట్టర్ వేగం సింక్ హద్దు (ఫ్లాష్ వెలుతురు ఫ్రేమంతా పడే అత్యధిక వేగం) దాటింది. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250 సెకను. మామూలు మాన్యువల్ ట్రిగ్గర్లలో చిన్న ఆలస్యం వల్ల ఆ హద్దులోనే పట్టీ మొదలవ్వచ్చు. నేను 1/160 దగ్గర నిలుపుతాను.

ఫ్లాష్‌ని ముఖానికి దగ్గరగా పెట్టి, మీరూ అక్కడే నిలబడి తీసినప్పుడు మాత్రమే మొరాయిస్తే ట్రిగ్గర్ మెనూలో దూరం సెట్టింగ్ ఉందేమో చూడండి. కొన్నింటిలో అతి దగ్గరి వాడకానికి వేరే మోడ్ ఉంటుంది. వైఫై ఎక్కువగా ఉన్న భవనాల్లో ఛానెల్ మార్చడం కూడా ఉపయోగపడుతుంది, ఎందుకంటే చాలా వైఫై రూటర్లు పనిచేసేదీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే.

రేడియో లేకుండా, వేరే ఫ్లాష్ వెలుతురు చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్ మోడ్ కూడా ఉంది. గదిలో బాగానే పనిచేస్తుంది కానీ ఎండలో నమ్మలేం. టీటీఎల్ ఫ్లాష్ పక్కన వాడాలంటే ప్రీఫ్లాష్‌ని (అసలు ఫ్లాష్‌కి ముందు కొలత కోసం వచ్చే మెరుపుని) వదిలేసే ఎస్2 మోడ్ పెట్టాలి, ఎస్1 అయితే ముందే వెలిగిపోతుంది.

కెమెరాకీ ఫ్లాష్‌కీ సాకెట్ ఉంటే ఒక సింక్ కేబుల్ కూడా సంచిలో ఉంచండి. టీటీఎల్ రాదు, తీగ కాళ్ళకు అడ్డం పడుతుంది. కానీ కేబుల్‌తో వెలిగి రేడియోతో వెలగని రోజున తేడా ఫ్లాష్ దీపంలో కాదు, ట్రిగ్గర్, హాట్ షూ, రిసీవర్ లేదా సెట్టింగ్ వైపే ఉందని తెలుస్తుంది, ఆ రోజు షూట్ కూడా ఆగదు.