కూర్మ గ్రామం, ఆరోవిల్: అమ్మతో రెండు ప్రయాణాలు

మూడేళ్లుగా మా ఇంట్లో ఒకటే మాట నలుగుతోంది. ఐదారు కుటుంబాలు కలిసి కాస్త భూమి తీసుకుని, పంటా, పూజా, పిల్లల చదువూ అక్కడే సాగేలా బతకగలమా అని. ఇంట్లో కూర్చుంటే తేలేది కాదు గనక, అలా బతుకుతున్నవాళ్లనే చూసి వద్దామనుకున్నాం.

2024 కార్తీకంలో అమ్మా నేనూ శ్రీకాకుళం జిల్లా హిరమండలం దగ్గరున్న కూర్మ గ్రామానికి వెళ్లాం. ఆమదాలవలసలో రైలు దిగి, బస్సులో హిరమండలం చేరి, అక్కడ ఆటో మాట్లాడుకున్నాం. తిరుగు ప్రయాణానికి కూడా ఆ ఆటోనే మాట్లాడుకోండి, పొద్దుగూకితే బండి దొరకడం కష్టం.

ఇస్కాన్ భక్తులు 2018లో మొదలుపెట్టిన పల్లె ఇది. కరెంటు వాళ్లే వద్దనుకున్నారు. పెంకుటిళ్ల గోడలకు సిమెంటు వాడలేదు. సున్నం, ఇసుకలో బెల్లం, మెంతులు, మినుములు కలిపి కట్టారు. మా తాతగారి ఇల్లు కూడా గానుగ సున్నంతో కట్టిందే. అమ్మ ఆ గోడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు కదల్లేదు. తెల్లవారకముందే లేచి హారతి, జపం, ఆ తర్వాత పొలం, ఆవులు, మగ్గం, గురుకులం. మధ్యాహ్నం మమ్మల్ని కూర్చోబెట్టి ప్రసాదం వడ్డించారు. ఎవరూ డబ్బడగలేదు, మేమే కానుక ఇచ్చి వచ్చాం. గదులు అద్దెకిచ్చే చోటు కాదిది. రాత్రి ఉండాలనుకుంటే ముందే అడిగి, వాళ్ల నియమాలకు ఒప్పుకున్నాకే వెళ్లాలి.

అక్కడ దున్నేదీ, వండేదీ, పాఠం చెప్పేదీ వాళ్లే. అంత శ్రమనూ నిలబెడుతున్నది కృష్ణభక్తి. అది లేనివాడు ఆ దినచర్యలో నెల రోజులు కూడా ఉండలేడనిపించింది. మేం చూసొచ్చిన మందిరం 2025 మేలో అగ్నికి ఆహుతైందని వార్త వచ్చిన రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

ఈ జనవరిలో ఆరోవిల్ వెళ్లాం. చెన్నై నుంచి సముద్రం పక్క రోడ్డులో పుదుచ్చేరి బస్సెక్కి, పుదుచ్చేరి ఇంకా పది కిలోమీటర్లుందనగా దిగాం. శ్రీ అరవిందుల ఆశ్రమ మాత, మిర్రా అల్ఫాసా, 1968 ఫిబ్రవరి 28న ప్రారంభించిన నగరమిది. ఆ రోజు 124 దేశాల మట్టి తెచ్చి ఒక కలశంలో పోశారు. 50,000 మంది కోసం గీసిన ఊళ్లో ఇప్పుడున్నది మూడు వేల పైచిలుకే.

చాలామంది ఊరి నడుమ బంగారు గోళంలా ఉండే మాతృమందిరాన్ని బయటి నుంచి చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. దయచేసి అలా చెయ్యకండి. లోపలి ధ్యానమందిరానికి ముందే బుకింగ్ కావాలి, అందుకే కనీసం రెండు రాత్రులుండండి. తెల్లటి ఆ గదిలో, 70 సెంటీమీటర్ల స్ఫటిక గోళం మీద పై నుంచి ఒక్క సూర్యకిరణం పడుతుంది. బయటికొచ్చాక అమ్మా నేనూ గంటసేపు మాట్లాడుకోలేదు.

చెట్ల మధ్య ఒక అతిథిగృహంలో దిగాం. దోమతెర, ఫ్యాను, శుభ్రమైన మంచం, పొద్దున్నే రాగి జావ. అంతకంటే ఏం కావాలి? రాత్రి దారులు చిమ్మచీకటి, టార్చి తప్పనిసరి. అద్దెకు తీసుకున్న స్కూటర్ బ్రేకు సరిగ్గా పడక ఎర్రమట్టి మలుపులో జారిపడబోయాం. బండి తీసుకునే ముందే నడిపి చూసుకోండి. భోజనానికి సోలార్ కిచెన్ ఉంది, అతిథులు ముందే పేరు రాయించుకోవాలి. దాని కప్పు మీది 15 మీటర్ల అద్దాల గిన్నె ఎండను పట్టి వంటకు ఆవిరి తయారుచేయడానికి కట్టింది. ఎండ చాలని రోజుకి డీజిల్ బాయిలర్ పెట్టుకున్నారు.

నన్ను కట్టిపడేసింది మాత్రం అడవే. మొదటివాళ్లు వచ్చినప్పుడు ఇదంతా వానకు కోసుకుపోయి, గండ్లు పడిన ఎర్రమట్టి దిబ్బ. ముందు గట్లు వేసి నీటిని ఆపారు, ఆ తర్వాత లక్షల మొక్కలు నాటారు. 2003లో మొదలైన సాధనా ఫారెస్ట్‌లో ఆ పని ఇంకా సాగుతోంది. గట్ల వెంట నడుస్తుంటే మా నాన్న పొలంలో ఏటా కొట్టుకుపోయే మట్టే కళ్ల ముందు మెదిలింది. భూమి కొన్న మొదటి ఏడాది మేమేం చెయ్యాలో నాకు అక్కడ అర్థమైంది. ఇల్లూ కాదు, గుడీ కాదు, ముందు గట్లు.

ఒక్క విషయం మనసులో కలుక్కుమంటూనే ఉంది. ఆరోవిల్ పొలాల పంట ఆరోవిల్‌కే చాలదు. రోజూ పొద్దున కుయిలాపాళయం, ఎడయన్‌చావడి లాంటి చుట్టుపక్కల తమిళ పల్లెల నుంచి వేలమంది పనికి వస్తారు. ఆ చేతులు లేకపోతే వంటా, కట్టుబడీ, తోటపనీ సాగవు. వాళ్లకు ఉపాధి దొరుకుతోంది, నిజమే. కానీ తన కాళ్ల మీద తాను నిలబడ్డ ఊరని దాన్ని నేను అనలేను. కూర్మ గ్రామాన్ని అనగలను, అయితే అక్కడ భక్తి ఒకటే. మా ఐదు కుటుంబాల్లో ఒకరు సాయిభక్తులు, ఒకరు విపశ్యన ధ్యానం చేస్తారు, మా బావగారు చర్చికి వెళ్తారు.

పెద్దవాళ్లతో వెళ్తే ఆరోవిల్ సులువు, సందర్శకుల కేంద్రం నుంచి వాహనం కూడా దొరుకుతుంది. పిల్లలకు మాత్రం ముందు కూర్మ గ్రామమే చూపిస్తాను. వచ్చే వర్షాకాలంలో నెల రోజులు సాధనా ఫారెస్ట్‌లో గట్లు వేసే పనికి నేనూ, మా బావగారూ వెళ్తున్నాం. అమ్మ కూడా వస్తానంటోంది.