ఉప్పునీళ్ల ట్యాంకులో బ్లాక్ మాలీలు: దిల్‌సుఖ్‌నగర్ షాపుతో నా అనుభవం

రెండేళ్లుగా ఇంట్లో చిన్న మెరైన్ ట్యాంకు ఉంది, రెండు క్లౌన్ చేపలు, కాసిని రాళ్లు. రాళ్లకి పట్టిన పచ్చ నాచు ఎంత గీకినా పోవట్లేదని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులో ఉన్న అక్వేరియం షాపుకి వెళ్తే, ఓనర్ ఖరీదైన సముద్రపు చేపలు చూపించకుండా మంచినీళ్ల తొట్టిలో ఉన్న బ్లాక్ మాలీ చేపల దగ్గరికి తీసుకెళ్లాడు. "ఇవి ఉప్పునీళ్లలోనూ బతుకుతాయన్నా, నాచు బాగా తింటాయి." నాతో ఆటలాడుతున్నాడనుకున్నా. నిజమేనట, నాలుగు కొన్నా.

కానీ ప్యాక్ చేసిన కుర్రాడు "కవరు ఇరవై నిమిషాలు నీళ్లలో తేల్చి వదిలేయండి" అన్నాడు. అలాగే చేశా. తెల్లారేసరికి మూడు పోయాయి, నాలుగోది మధ్యాహ్నానికి.

కోపంగా వెళ్లాను. ఓనర్ వాదించలేదు, స్టూల్ వేసి కూర్చోబెట్టి చెప్పాడు: మామిడి ముక్కలకి ఉప్పు కలిపితే ఊట దిగుతుంది కదా, చేపకీ అదే. మంచినీళ్లలో ఉన్నప్పుడు ఒంట్లోకి నీళ్లు వాటంతటవే వస్తుంటాయి, చేప వాటిని మూత్రంగా పంపేస్తుంటుంది. సముద్రపు నీళ్లలో ఒంట్లో నీళ్లే బయటికి పోతాయి కాబట్టి ఆ ఉప్పునీళ్లే తాగి, ఎక్కువైన ఉప్పుని మొప్పల నుంచి నెట్టేయాలి, ఆ పనికి మొప్పలు అలవాటు పడాలంటే టైమ్ కావాలి. మాలీలకి అది చేతనవుతుంది. గోల్డ్ ఫిష్‌కి, టెట్రాలకి ఎంత నెమ్మదిగా చేసినా కాదు.

ఈసారి నాలుగు మాలీలు ఫ్రీగా ఇచ్చాడు (అడక్కుండానే, అది మెచ్చుకోవాలి). బకెట్లో వేసి, ట్యాంకు నుంచి గాలి పైపుకి ముడివేసి చుక్కచుక్కగా ఎనిమిది గంటలు నీళ్లు వదిలా, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్లో బకెట్‌కీ ట్యాంకుకీ ఒకేలా 1.024 వచ్చాకే ట్యాంకులోకి మార్చా. మొదటి వారం వేవ్ మేకర్ (ట్యాంకులో నీళ్లని అలల్లా తోసే మోటారు) తోపుకి మూలన నక్కాయి. ఇప్పటికి నాలుగు నెలలు, నాచు పోయి రాళ్లు మళ్లీ నల్లగా కనిపిస్తున్నాయి, పిల్లలు కూడా పెట్టాయి, క్లౌన్‌లు వదల్లేదనుకోండి. ఎండాకాలంలో నీళ్లు తగ్గితే ఆర్వో నీళ్లే పోయమని కూడా ఆయనే చెప్పాడు, ఉప్పు ఆవిరైపోదు కదా.

నచ్చనివీ ఉన్నాయి. మెరైన్ సాల్ట్ లూజుగా తూచి కవర్లో కట్టిస్తారు, నాకిచ్చింది గడ్డకట్టి ఉంది, కంపెనీ పేరు లేదు. సీల్ ఉన్న బకెట్ అయితేనే తీసుకోండి. ఇంకోటి, స్కాట్ చేప పిల్లల్ని మామూలు నీళ్ల తొట్టిలో పెట్టి "మంచినీళ్ల చేప" అని అమ్ముతున్నారు. అది పెరిగేకొద్దీ ఉప్పు కావాలి, పైగా అడుగు దాకా పెరుగుతుంది. ఇదేంటన్నా అంటే ఓనర్ నవ్వి, "అవన్నీ చెప్తే ఎవరు కొంటారన్నా" అన్నాడు.

మాలీలకి వెళ్లండి, ఓనర్ ఉన్నప్పుడే. కుర్రాడు చెప్పింది మాత్రం వినకండి.