పడవే బస: సెయింట్ లూసియా నుంచి గ్రెనడీన్స్ దాకా

తెరచాప పడవలో తిరిగేవాళ్లకు హోటల్ వెతుక్కునే బాధ లేదు. కాకపోతే రాత్రి నిద్ర పడుతుందా లేదా అన్నది పడవ ఎక్కడ ఆపామన్నదాన్ని బట్టి ఉంటుంది. తూర్పు కరీబియన్‌లో దక్షిణంగా దిగుతూ ఒక్కో చోటికి నేను వేసిన మార్కులన్నీ ఆ లెక్కలోనివే.

సెయింట్ లూసియాలోని రాడ్నీ బే మెరీనాలో, అంటే పడవలు నిలిపే రేవులో, నీళ్లు, కరెంటు, స్నానాల గదులు, సరుకులు అన్నీ దగ్గర్లోనే దొరుకుతాయి. కానీ గాలి ఆడదు, పడవ లోపల ఒకటే ఉక్క. ట్యాంకులు నింపుకుని బయటపడటమే మేలు.

అదే దీవిలో సుఫ్రియేర్ ఊరి దగ్గరి పిటన్లు 2004లో యునెస్కో జాబితాకెక్కాయి. నీళ్లలోంచి నిటారుగా లేచిన ఈ జంట శిఖరాలు 700 మీటర్లకు పైనే ఉంటాయి. పగడాలు దెబ్బతినకుండా అక్కడ లంగరు వేయనివ్వరు. రుసుము కట్టి, మూరింగ్ బాయ్‌కి (అడుగున గట్టిగా బిగించి, నీళ్లపై తేలే గుండుకి) తాడు కట్టుకోవాలి. ఆ తాడు అందిస్తామంటూ కుర్రాళ్లు చిన్న పడవల్లో ఎదురొస్తారు. ఎంతివ్వాలో ముందే మాట్లాడుకుంటే పేచీ ఉండదు. రాత్రయితే కొండ మీది నుంచి గాలి ఒక్కసారిగా విరుచుకుపడి, అంతలోనే చప్పబడిపోయేది. పడవ బాయ్ చుట్టూ తిరుగుతుంటే అరల్లో గిన్నెలు తెల్లవార్లూ మోగాయి. చూడటానికి పదికి పది, పడుకోవడానికి రెండు.

అసలు పరీక్ష సెయింట్ విన్సెంట్ వైపు దాటే జలసంధి. వెడల్పు సుమారు 25 నాటికల్ మైళ్లు. దీవి చాటున ఉన్నంతసేపూ సముద్రం చెరువులా ఉంటుంది. చాటు దాటగానే అట్లాంటిక్ అలలు ఎడమ పక్క నుంచి మొదలవుతాయి. అందుకే మా కెప్టెన్ గాలి పెరగకముందే పెద్ద తెరచాపను కొంత దించి కట్టేశారు. ప్రవాహం పడమరకు లాగేస్తుంది కాబట్టి పడవ మూతిని వెళ్లాల్సిన దిక్కుకన్నా కాస్త తూర్పుకే తిప్పి ఉంచారు.

ఆ పూట వంటింట్లో పనంటే సర్కస్సే. పడవ వాలినా పొయ్యి మాత్రం తిన్నగా ఉండేలా ఊగుతుంది. మనమే ఊగకుండా నడుముకు బెల్టు కట్టుకోవాలి. ఇలాంటిచోట ప్రెషర్ కుక్కర్‌ని మించింది లేదు, బోర్లా పడ్డా మూత ఊడదు. గిన్నెలు ఉప్పునీళ్లతో తోమి, చివర్లో ఒక్క కప్పు మంచినీళ్లతో తొలిపేవాళ్లం. కడుపులో తిప్పేవాళ్లను లోపల పడుకోబెట్టడం కన్నా పైకి తీసుకొచ్చి చుక్కాని చేతికివ్వడమే మంచి మందు. దూరాన ఆకాశం కలిసే గీత మీద చూపు నిలిపితే చాలావరకు సర్దుకుంటుంది. మాత్ర వేసుకునేదేదో బయల్దేరకముందే వేసుకోవాలి.

సెయింట్ విన్సెంట్‌లో ఆగకుండా నేరుగా, అదే దేశానికి చెందిన గ్రెనడీన్స్ దీవుల్లోని బెక్వియాకి వెళ్లాం. దేశం మారింది కాబట్టి పసుపు జెండా ఎగరేసి, కెప్టెన్ పోర్ట్ ఎలిజబెత్‌లో కస్టమ్స్, ఇమిగ్రేషన్ పనులు ముగించుకొచ్చేదాకా మిగతావాళ్లం పడవ దిగలేదు. వారాంతంలో అయితే ఓవర్‌టైమ్ రుసుము పడుతుంది. నా ఓటు మాత్రం ఇక్కడి అడ్మిరల్టీ బేకే. తూర్పు గాలికి మంచి చాటు, కింద ఇసుక, లంగరు గట్టిగా పట్టింది. నీళ్లు, డీజిల్, ఐస్ పడవ దగ్గరికే తెచ్చిస్తారు. బట్టలూ ఉతికిస్తారు, కానీ మా మూటలో ఎవరివో రెండు చొక్కాలు వచ్చాయి, మా తువ్వాళ్లు ఎటో పోయాయి. లెక్కపెట్టి ఇవ్వండి.

టొబాగో కేస్ అనే చిన్న దీవుల గుంపులో జనావాసం లేదు. హార్స్‌షూ రీఫ్ అనే పగడపు దిబ్బ అలల్ని ఆపుతుంది గానీ గాలిని ఆపదు. రాత్రంతా తాళ్లు ఈల వేస్తూనే ఉంటాయి. అయినా పొద్దున్నే అక్కడి బరాదల్ దీవి దగ్గర మోకాలి లోతు నీళ్లలో పచ్చ తాబేలు గడ్డి కొరుకుతూ, ఊపిరికి తల పైకెత్తి, మమ్మల్ని పట్టించుకోకుండా మళ్లీ మేతలో పడటం చూశాక ఆ గాలి మీద ఫిర్యాదు చేయాలనిపించలేదు.

చివరి మజిలీ యూనియన్ ఐలండ్. 2024 జులై 1న బెరిల్ తుఫాను ఇక్కడి ఇళ్లలో ఎక్కువ భాగాన్ని దెబ్బతీసింది. మెరీనా సౌకర్యాలు ఆశించకుండా వెళ్లి, కూరగాయలో పళ్లో అక్కడే కొనండి. చెల్లేది తూర్పు కరీబియన్ డాలరు, ఒక అమెరికా డాలరుకు 2.70.

తిరుగు ప్రయాణమంతా చాలావరకు ఎదురుగాలే. పడవను దక్షిణాన వదిలేసి రానిచ్చే ఒకవైపు అద్దె దొరికితే, అదనపు రుసుముకు వెనకాడకండి.