స్కాట్లాండ్‌లో ఆరు రోజులు: కోటల కోసం వెళ్తే రోడ్డు నచ్చింది

జూన్ మొదటి వారంలో అమ్మానాన్నలను తీసుకుని ఎడిన్‌బరో నుంచి స్కై దీవి దాకా కారులో వెళ్లి, లాక్ నెస్ మీదుగా తిరిగొచ్చాం. బయల్దేరే ముందు నేను రాసుకున్న లిస్టులో తొమ్మిది కోటలున్నాయి. చూసింది నాలుగు. వాటిలోనూ లోపలికెళ్లి తీరాల్సింది ఒక్కటే.

అది ఎడిన్‌బరో కోట మాత్రం కాదు. చల్లారిన అగ్నిపర్వతపు బండ మీద కట్టారు కాబట్టి కింద వీధిలో నిలబడి చూస్తే భలే ఠీవిగా ఉంటుంది. లోపల తిరునాళ్లే. ఊళ్లోకెల్లా పాత కట్టడమైన 12వ శతాబ్దపు సెయింట్ మార్గరెట్ చాపెల్ మా వీధి రామాలయమంత ఉంటుంది, దానికీ క్యూ. ఆదివారాలు తప్ప దాదాపు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫిరంగి పేలుస్తారు, 1861 నుంచి ఉన్న ఆనవాయితీ. టైము తెలిసే నిలబడ్డాం. అయినా అమ్మ ఉలిక్కిపడి పక్కనున్న ఎవరో ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఫొటో దిగారు.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది స్టిర్లింగ్. గ్రేట్ హాల్ గోడలకు పాతకాలపు పద్ధతిలోనే పసుపు సున్నం కొట్టారు. నాన్న చూడగానే "ఇదేంట్రా, కల్యాణమండపంలా ఉంది" అన్నారు. లోపలికెళ్లాక మాట మార్చారు. రాజుగారి గదుల్లో ఆ కాలపు దుస్తుల్లో మనుషులుంటారు, ఏమడిగినా ఓపిగ్గా చెబుతారు. స్కాట్లాండ్ రాణి మేరీకి తొమ్మిది నెలల వయసులో 1543లో పట్టాభిషేకం చేసింది ఇక్కడే. గోడ మీద నుంచి చూస్తే 1297లో ఇంగ్లండ్ సైన్యంతో యుద్ధం జరిగిన వంతెన వైపు మైదానమంతా కనిపిస్తుంది. విస్తీర్ణంలో మన గోల్కొండ ముందు ఇదెంత! కానీ గోల్కొండలో ఏ గది ఏమిటో గైడు చెబితే తప్ప తెలియదు, ఇక్కడ గదులే చెబుతాయి. ఎడిన్‌బరో, స్టిర్లింగ్, లాక్ నెస్ దగ్గరి అర్కర్ట్ కోటలు మూడూ చూసేటట్టయితే ఎక్స్‌ప్లోరర్ పాస్ తీసుకోండి, విడి టికెట్ల కన్నా లాభం.

కారు సంగతి. మనలాగే ఎడమవైపు డ్రైవింగే, విజిటర్‌గా వచ్చినవాళ్లు మన లైసెన్సుతో ఏడాది దాకా నడపొచ్చు. ఆటోమేటిక్ కావాలంటే ముందే బుక్ చేసుకోవాలి. మేం తీసుకున్న కంపెనీ పేరు ఎందుకులెండి, కౌంటర్ దగ్గర డెబిట్ కార్డు చెల్లదన్నారు, క్రెడిట్ కార్డులో 1,200 పౌండ్లు బ్లాక్ చేశారు. తిరిగి ఇచ్చేటప్పుడు చక్రం అంచు మీద ఒక గీత చూపించి బేరం మొదలుపెట్టారు. తీసుకునే రోజు వీడియో తీసి ఉంచాను కాబట్టి బతికిపోయాను.

ఇక గ్లెన్‌కో లోయ. రానక్ మూర్ అనే బీడు దాటాక రోడ్డు రెండు వైపులా కొండలు ఒక్కసారిగా మీదికొచ్చేస్తాయి. ఆ రోజు సన్నగా వాన. కొండల నిండా తెల్లటి గీతలు గీసినట్టు జలపాతాలు, లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్ఫై దగ్గర వదిలేశాను. మబ్బు ఒక శిఖరాన్ని మింగేసి, రెండు నిమిషాలకు పక్కదాన్ని వదిలిపెడుతుంది. త్రీ సిస్టర్స్ అనే మూడు కొండల ఎదురుగా కారాపి దాదాపు రెండు గంటలున్నాం. 1692 ఫిబ్రవరిలో ఈ లోయలో మెక్‌డొనాల్డ్ వంశం వాళ్ల ఇళ్లల్లోనే అతిథులుగా దిగి, పన్నెండు రోజులు వాళ్ల తిండి తిన్న సైనికులు, ఒక తెల్లవారుజామున 38 మందిని చంపేశారు. బోర్డు చదివి చెబితే అమ్మ అంది: "తిన్నింటి వాసాలు లెక్కపెట్టారనుకున్నా, వాసాలకే నిప్పు పెట్టారన్నమాట." నిజంగానే ఇళ్లూ తగలబెట్టారు.

వాన తగ్గగానే పులిహోర డబ్బా తెరిచాం. అదే పొరపాటు. మిడ్జ్‌లనే చిన్న పురుగులు మబ్బులా వచ్చి పడ్డాయి, కళ్లల్లో, చెవుల్లో, పులిహోరలో. కారులో దూరి తిన్నాం. గాలి ఆగితే ఇవి ఉంటాయని గుర్తుపెట్టుకోండి.

స్కై వైపు వెళ్లే దారిలో ఐలీన్ డోనన్ కోట. క్యాలెండర్లలో చూసేది ఇదే, మూడు లాక్‌లు, అంటే సముద్రపు పాయలు, కలిసేచోట. 1719లో నౌకాదళం ఫిరంగులతో కూల్చేస్తే రెండు వందల ఏళ్లు శిథిలంగా పడుంది. ఇప్పుడున్నది 1912 నుంచి 1932 దాకా మళ్లీ కట్టినది. 1930లో పుట్టిన మా తాతయ్య కన్నా చిన్నదన్నమాట! పైన చెప్పిన పాస్ ఇక్కడ పనిచేయదు. బయటి నుంచి చూస్తే చాలు. కానీ మెకంజీ వంశపు కోట అని చదవగానే, చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మా నాన్న ఆగిపోయారు. మన ఊళ్ల చరిత్రలను కైఫియత్తులుగా రాయించిన కాలిన్ మెకంజీ పుట్టింది ఇక్కడికి వాయవ్యంగా సముద్రంలో, లూయిస్ దీవిలోని స్టార్నవేలో. మెకంజీకి ఆ పనిలో సాయపడ్డ కావలి బొర్రయ్య సోదరుల దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పారు. కోట లోపల కన్నా అదే బాగుంది.

స్కైలో చాలాచోట్ల ఒక్క కారు పట్టే రోడ్లు. పాసింగ్ ప్లేస్ మన ఎడమవైపు ఉంటే అందులోకి వెళ్లాలి, కుడివైపు ఉంటే దాని ఎదురుగా మనవైపే ఆగాలి. దారిచ్చిన వాళ్లకు చెయ్యెత్తడం మర్యాద. రెండో రోజుకల్లా నాన్న ముందు సీట్లో కూర్చుని ఎలక్షన్ ప్రచారంలో ఉన్నట్టు అందరికీ చెయ్యి ఊపేస్తున్నారు. ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ అనే నిలువు రాతి శిఖరం దాకా ఎక్కడం మోకాళ్ల నొప్పులున్నవాళ్ల వల్ల కాదు. కిల్ట్ రాక్ దగ్గరైతే కారు దిగి నాలుగడుగులేస్తే జలపాతం సముద్రంలో పడటం కనిపిస్తుంది.

బస విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. ఫోర్ట్ విలియంలో దొరికిన బెడ్ అండ్ బ్రేక్‌ఫస్ట్ చక్కటిది, అక్కడి వాళ్లు గొర్రె మాంసంతో చేసుకునే హాగిస్‌ను మాంసం లేకుండా కూడా వండిపెట్టారు. స్కైలోని పోర్ట్రీలో ఆలస్యంగా బుక్ చేశాం, దానికి రెట్టింపు ధర పెడితే దొరికింది అటక మీద గది, లిఫ్ట్ లేదు, తల వంచుకునే తిరగాలి. స్కైలో గది దొరికాకే మిగతా తేదీలు ఖాయం చేసుకోండి.

లాక్ నెస్ దగ్గర అర్కర్ట్ కోటను కూడా 1692లోనే, వెళ్లిపోతూ సొంత సైనికులే పేల్చేశారు. మిగిలింది మొండి గోడలు. 230 మీటర్ల లోతున్న ఆ నల్లటి నీళ్లే చూడాలి.

స్కైలోని ఊయిగ్ రేవు నుంచి ఫెర్రీలో హారిస్ దీవికి వెళ్తే, అక్కడి నుంచి స్టార్నవేకి రోడ్డుంది. మేం అడిగేసరికి కార్లకు చోటు అయిపోయింది. ఓడ కనుమరుగయ్యేదాకా నాన్న రేవులోనే నిలబడ్డారు. నిన్న రాత్రి వాట్సాప్‌లో వచ్చే ఏడాది ఫెర్రీ టైమింగులు పంపించారు.