మృదంగం చెవితో బ్రూబెక్ యురేషియా రికార్డు

1958లో జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ నడిపిన నలుగురి బృందం, డేవ్ బ్రూబెక్ క్వార్టెట్, అమెరికా విదేశాంగ శాఖ పంపగా పోలండ్, టర్కీ, భారతదేశం, సిలోన్, పాకిస్తాన్, అఫ్గానిస్తాన్, ఇరాన్, ఇరాక్ చుట్టి వచ్చింది. ఇల్లు చేరాక ఆ వేసవిలోనే స్టూడియోకు వెళ్లి చేసిన రికార్డు 'జాజ్ ఇంప్రెషన్స్ ఆఫ్ యురేషియా'. కొలంబియా వారి విడుదల. ఆరు రచనలు, మొత్తం దాదాపు నలభై నిమిషాలు. మృదంగం నేర్చుకున్నవాడిని కాబట్టి నా మెప్పూ ఫిర్యాదూ రెండూ లయ వైపు నుంచే వస్తాయి. హార్మనీ లోతులు చెప్పడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు.

ముందు ఫిర్యాదు. ఈ రికార్డులో బేస్ (మంద్రస్థాయి తంత్రీ వాద్యం) వాయించింది జో బెంజమిన్. ఆయన చేతిలో లోపమేమీ లేదు. కానీ ఆ ఊళ్లన్నీ బేస్‌తో తిరిగినవాడు నల్లజాతి కళాకారుడు యూజీన్ రైట్. పర్యటన స్మృతి అని చెప్పుకునే రికార్డులో పర్యటించిన నలుగురిలో ఒకరు లేకపోవడం నాకు మింగుడుపడదు. అందులోనూ ఆ ఒకరు రైట్ కావడం. బయలుదేరడానికి ముందు, 1958 ఫిబ్రవరిలో, నార్త్ కరోలినాలోని ఒక కళాశాలవారు నల్లజాతి కళాకారుడు వేదిక ఎక్కడానికి వీల్లేదన్నారు. రైట్ లేనిదే వాయించనని బ్రూబెక్ భీష్మించాడు. దేశం తరఫున విదేశాలకు వెళ్తున్న బృందం ఇది అని గుర్తుచేశాక, రైట్ వెనకవైపు ఉండాలన్న షరతు మీద దిగివచ్చారు. బ్రూబెక్ అందుకు సరేనని, తీరా కచేరీ మొదలయ్యాక, నీ మైకు పనిచేయడం లేదు, ముందున్న ప్రకటనల మైకు దగ్గరికి వచ్చి వాయించు అని రైట్‌ను పిలిచి వేదిక ముందు నిలబెట్టాడు. నల్లవారూ తెల్లవారూ మా దేశంలో కలిసి వాయిస్తారని ప్రపంచానికి చూపించడానికి ప్రభుత్వం పంపిన బృందానికి ఇంట్లో జరిగిన మర్యాద ఇది. 1956లో ట్రంపెట్ విద్వాంసుడు డిజీ గిలెస్పీ బృందంతో మొదలైన ఈ జాజ్ దౌత్యానికి ఇలాంటి ఎత్తిపొడుపు మొదటి నుంచీ వెంట ఉంది.

బృందం అప్పటికే పేరున్నదే. బ్రూబెక్, సాక్సఫోన్ విద్వాంసుడు పాల్ డెస్మండ్ 1951లో దీన్ని మొదలుపెట్టారు. బ్రూబెక్ భార్య అయోలా కళాశాలలకు ఉత్తరాలు రాసి కచేరీలు కుదిర్చింది. మద్యశాలల పొగలోంచి జాజ్‌ను కళాశాల సభామందిరాలకు తెచ్చిన ఘనతలో సగం ఆ ఉత్తరాలదే అనాలి. 1954లో టైమ్ పత్రిక ముఖచిత్రం మీద బ్రూబెక్ బొమ్మ వచ్చింది. ఆ గౌరవం తనకంటే ముందు నల్లజాతి జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్‌కు దక్కాల్సిందని ఆయన చివరిదాకా అంటూనే ఉన్నాడు. అయితే డ్రమ్స్ మీద జో మొరెల్లో 1956లో, రైట్ ఈ ప్రయాణానికి కాస్త ముందు చేరారు. అంటే మనం ఈనాడు బ్రూబెక్ బృందమని తలుచుకునే నలుగురూ ఒకరి చేయి ఒకరికి అలవాటు చేసుకున్నది ఈ తిరుగుడులోనే.

ఇక రచనలు. 'నోమాడ్' అఫ్గాన్ సంచారుల డప్పులు విన్న జ్ఞాపకం. మొరెల్లో పెద్ద డ్రమ్ము మీద పరిచిన నడక బాగుంది, డెస్మండ్ దాని మీద తాపీగా నడుస్తాడు. 'బ్రాండెన్‌బర్గ్ గేట్' పేరుకు తగ్గట్టే జర్మన్ స్వరకర్త బాఖ్ వైపు తిరుగుతుంది. పోలండ్ ప్రవేశ పత్రాల కోసం బ్రూబెక్ తూర్పు బెర్లిన్‌కు వెళ్లింది ఆ ద్వారం గుండానే. పియానో, సాక్సఫోన్ ఒకదాని మాట ఒకటి అందుకుంటూ పోయే తీరు ఇందులో మొదటి మెచ్చుకోదగ్గ ఘట్టం. టర్కీ భాషలో ధన్యవాదాలు చెప్పే మాట నడక మీద కట్టింది 'గోల్డెన్ హార్న్'. ఆలోచన ముచ్చటగా ఉంది, రచన మాత్రం కాసేపటికి తిరిగిన చోటే తిరుగుతుంది.

'థాంక్యూ' వేరే కోవ. పోలండ్ స్వరకర్త షోపాన్ పుట్టిన ఇల్లు చూసి వచ్చి కట్టిన రచన ఇది. పోలండ్‌లో చివరి కచేరీ పోజ్నాన్‌లో. అక్కడ దీన్ని వాయించి ఆపగానే సభలో చప్పుడు లేదట. వారి మహానుభావుడిని అవమానించానేమోనని బ్రూబెక్ బెదిరిపోయాడు. ఆ తరువాత చప్పట్లు మిన్నంటాయి. ఆ శ్రోతల్లో చాలామంది అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కోనోవర్ కార్యక్రమం రాత్రిళ్లు విని జాజ్ నేర్చుకున్నవాళ్లు. రికార్డులో నాకు పూర్తిగా నచ్చినది ఇదొక్కటే. ఇందులో తాళం విన్యాసం దాదాపు లేదు. నా మృదంగం వాదనకు ఇది ఎదురు సాక్ష్యం, ఒప్పుకుంటాను.

'కలకత్తా బ్లూస్' దాదాపు పది నిమిషాలు. బ్రూబెక్ ఎడమచేతిని తంబురలా శ్రుతికి కట్టేసి, కుడిచేతితో కొద్ది స్వరాల మధ్యే తిరుగుతాడు. మొరెల్లో కర్రలు పక్కన పెట్టి చేతులతో వాయిస్తాడు. నాకు ఇందులో కలకత్తా వినిపించలేదు. శ్రుతి ఉంది, రాగం లేదు. స్వరాలు తక్కువైనంత మాత్రాన రాగమైపోదు కదా, పట్టు విడుపులు కావాలి. చేతి దెబ్బలూ అంతే: నాదం దగ్గరగా వచ్చింది, లెక్క రాలేదు. ఇక్కడే కోపం వస్తుంది, ఎందుకంటే ఆ లెక్క వాళ్లు విన్నారు. మద్రాసులో ఈ బృందం పళని సుబ్రమణ్య పిళ్లైతో కలిసి వాయించింది. ఎడమచేతి వాటం మృదంగంతో, ఊహకందని లెక్కలతో తని ఆవర్తనాలు (కచేరీలో తాళవాద్యం ఒంటరిగా వాయించే ఘట్టాలు) కట్టిన మనిషి ఆయన. బొంబాయిలో అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్ సితార్‌తో కలిశాడు. అంతటివారి పక్కన కూర్చుని వచ్చాక మనకు దక్కింది ఈ పైపై బొమ్మా అనిపిస్తుంది.

కానీ పాపం, ఆ లెక్క జీర్ణం కావడానికి సమయం పట్టింది. 1959లో వచ్చిన ఇదే బృందం రికార్డు 'టైమ్ అవుట్' వింటే తెలుస్తుంది. ఇస్తాంబుల్ వీధి వాద్యకారుల దగ్గర విన్న తొమ్మిదక్షరాల నడక అందులో 'బ్లూ రాండో ఆ లా టర్క్' అయింది. నోటితో చెప్పి చూడండి: తక తక తక తకిట, మూడుసార్లు. నాలుగోసారి అవే తొమ్మిది అక్షరాలు తకిట తకిట తకిటగా మారతాయి. లెక్క మారలేదు, విరుపు మారింది. మన తని ఆవర్తనంలో ఒళ్లు పులకరించేది సరిగ్గా ఇలాంటి చోటే. డెస్మండ్ రాసిన 'టేక్ ఫైవ్' మూడు, రెండు విరుపు. రెండు, మూడుగా విరిగే మన ఖండచాపు తాళాన్ని తిరగేసినట్టు ఉంటుంది. మొరెల్లో అందులో వాయించే ఒంటరి ఘట్టంలో తొందర లేదు, అక్షరాల మధ్య ఖాళీని వాడుకోవడం ఉంది. ఈసారి బేస్ రైట్‌దే. పియానో అదే వరుసను మళ్లీ మళ్లీ కొడుతుంటే తాళం చెదరకుండా కింద పట్టుకున్నది ఆయనే.

ప్రభుత్వం ఈ ప్రయాణానికి ఏ ప్రయోజనం ఆశించిందో అది నెరవేరిందని నేను అనను. బృందం బాగ్దాద్‌లో వాయించి వెళ్లిన కొన్ని వారాలకే, 1958 జూలై 14న, అక్కడ రాజరికం కూలిపోయింది. జాజ్ ఆపగలిగేది కాదు అది. లాభపడింది సంగీతం.

అయిదుకు మూడు ఇస్తాను, అందులో ఒకటి 'థాంక్యూ'కే. జాజ్‌కు కొత్తవారు దీనితో మొదలుపెట్టవద్దు, 'టైమ్ అవుట్' విన్నాక రండి. వాయిద్యం నేర్చుకునేవారు 'నోమాడ్', 'కలకత్తా బ్లూస్' వెంటవెంటనే పెట్టుకుని మొరెల్లోను మాత్రమే వినండి, తక్కినవారిని వదిలేయండి. 'మార్బుల్ ఆర్చ్' గురించి ఇంతవరకు ఏమీ రాయలేదు. లండన్ మీద సరదా రచన, దాటేసినా నష్టం లేదు.