వెడ్జ్ సెల్: స్ఫటికాలకు భేష్, ప్రవాహానికి వద్దు

కొలాయిడ్లతో, అంటే ద్రవంలో తేలాడే అతిసన్నటి రేణువులతో, కుస్తీ పట్టేవాళ్ల కోసం ఈ రివ్యూ. మా ల్యాబ్‌కి రెడీమేడ్ గాజు వెడ్జ్ సెల్ తెప్పించాం. రెండు గాజు పలకలు ఒక అంచున దాదాపు ఆనుకుని, రెండో అంచున పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎడం ఉండేలా అతికించి ఇస్తారు. ఎడం మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఎంత ఇరుకు కావాలంటే అంత ఇరుకు ఒకే సెల్‌లో దొరుకుతుంది. 1983లో పియెరాన్‌స్కి బృందం ఇలాంటి సెల్‌లోనే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ గోళాల పొరల వరుసను చూపించింది. మనమే చేసుకోవచ్చు గానీ, జిగురు ఆరేలోపు పై పలక జారిపోతూ ఉంటే ఎంత చిరాకో చేసినవాళ్లకే తెలుసు.

ముందు మెచ్చుకోవాల్సింది చెబుతాను. ఒక మైక్రాన్ పాలీస్టైరీన్ గోళాల చిక్కటి సస్పెన్షన్ (గోళాలు తేలాడే నీళ్లు) వాడాం. గోళాల మధ్య విద్యుత్ వికర్షణ తగ్గేలా, అలాగని ముద్ద కట్టకుండా, కాస్త ఉప్పు కలిపాం. సన్నటి అంచులోకి గోళాలు దూరనే లేదు. తర్వాత ఒకే పొర, త్రిభుజాల అమరికలో. ఆ తర్వాత వరుసలు పైకీ కిందికీ వంగిన సన్నటి పట్టీ. అది దాటగానే రెండు పొరలు చదరాలుగా, ఇంకొంచెం ముందుకెళ్తే మళ్లీ త్రిభుజాలుగా! విడిగా వదిలేస్తే ఈ గోళాలు చదరాల జోలికి పోవు. లెక్క చూస్తే విషయం తేలిపోతుంది. ఒకదానికొకటి తగిలే గోళాలతో రెండు చదరపు పొరల ఎత్తు 1.71 మైక్రాన్లు, రెండు త్రిభుజపు పొరలది 1.82. త్రిభుజాలకు తలెత్తే చోటు లేనప్పుడు చదరాలే గతి. అంటే 0.11 మైక్రాన్ తేడాకే స్ఫటికం రూపు మారుతోంది. ఇంత స్పష్టంగా సెల్ చూపించిందంటే గాజు నునుపు నిజంగా బాగున్నట్టే.

పలచటి సస్పెన్షన్‌తో కదలికా చూశాం. రెండు మైక్రాన్ల ఎడంలో సరిగ్గా మధ్యన ఉన్న ఒంటరి గోళం కూడా, పక్కన నీళ్లు తప్పుకోవడానికి చోటు చాలక, మామూలు వ్యాపన వేగంలో (తనంతట తానే అటూ ఇటూ చెదిరే వేగంలో) 56 శాతం మాత్రమే చూపాలి. మాకు వచ్చింది దానికి దగ్గరే.

ఇక గొడవ. లేబుల్ మీద వేసిన ఎడాన్ని నమ్మి లెక్కలు వేయకండి. ఖాళీ సెల్‌ని సోడియం దీపం కింద పెడితే రెండు పలకల నుంచి తిరిగొచ్చే కాంతి కలిసి నల్ల గీతలు కనిపిస్తాయి. ఒక నల్ల గీత నుంచి మరో నల్ల గీతకు ఎడంలో 0.295 మైక్రాన్ల తేడా ఉంటుంది, గీతలు తిన్నగా సమాంతరంగా ఉండాలి. మాకొచ్చిన దాంట్లో జిగురున్న మూల దగ్గర గీతలు వంకర తిరిగాయి. పొరలు లెక్కపెట్టే పనికి ఆ మూల పనికిరాదు.

ప్రవాహం చూపిస్తుందని ప్రకటనలో రాయడం మాత్రం అన్యాయం. ఒకే పీడనానికి ఎడం రెట్టింపైతే ప్రవాహం ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి సస్పెన్షన్ అంతా లావు వైపు నుంచే పారిపోతుంది, మనం చూడాలనుకున్న ఇరుకులో దాదాపు ఏమీ కదలదు. పైగా ప్రవేశ రంధ్రం మరీ చిన్నది. ఇరుకు తలుపు దగ్గర ఒకేసారి తోసుకున్న జనంలా గోళాలు అక్కడే కమానులా బిగుసుకుపోతాయి, పంపు వేగం పెంచితే ఇంకా గట్టిపడతాయి. ఇలా బిగిసిన సెల్‌ని కడగడం వృథా ప్రయాస. ప్రవాహమే కావాలంటే ఎడం అంతటా ఒకేలా ఉండే చానెల్ కొనుక్కోండి.

అయిదుకి మూడున్నర. వంకర మూల ఫొటోలు కంపెనీకి పంపితే వాదించకుండా వేరే సెల్ పంపుతామన్నారు. రాగానే ముందు సోడియం దీపం కిందే పెడతాను, తేడా కనిపిస్తే ఇక్కడే రాస్తాను.