పాత ఫోన్లు ఎవరికియ్యాలె: టబ్బులాయనకా, యాసిడ్‌కా, రీసైక్లింగ్ కంపెనీకా?

మునుగోడు దిక్కు మా ఊళ్ళెకు బైకు మీద మైకు పెట్టుకొని వస్తరు, పాత సెల్లు పగిలిన సెల్లు ఏదైనా కొంటం అనుకుంట, ఒక ఫోనిస్తే ప్లాస్టిక్ టబ్బు. మా అమ్మ మూడిచ్చి మూడు టబ్బులు తీసుకున్నది. నాకు తెలిసి అదే పెద్ద తప్పు, ఎందుకంటే ఫోన్ల ఉన్న ఫొటోలు, నంబర్లు అన్నీ పోయినయి, గిట్ల కొన్న ఫోన్లు సైబర్ దొంగల చేతికి పోతున్నయని పోలీసులు గూడ హెచ్చరించిన్రు.

మా తమ్ముడేమో వీడియోలు చూసి, ఫోన్ల లోపటి సర్క్యూట్ బోర్డులు యాసిడ్‌ల నానబెట్టి బంగారం మనమే తీద్దాం అంటడు. లెక్క చూడుండ్రి. పది లక్షల ఫోన్లకు సుమారు 34 కిలోల బంగారం, 350 కిలోల వెండి, 15 కిలోల పల్లాడియం అనే ఖరీదైన లోహం, 16 టన్నుల దాక రాగి వస్తది. అంటే ఒక్క ఫోనుల 0.034 గ్రాములే, గ్రాము కావాల్నంటే ముప్పై ఫోన్లు పెట్టాలె, అదిగూడ పెద్ద ఫ్యాక్టరీల చుక్క పోకుంట తీస్తేనే. ఇంట్ల చేస్తే ఎర్రటి పొగ ఊపిరితిత్తులకు పోతది, మిగిలిన యాసిడ్‌ల సీసం, రాగి కరిగి ఉంటయి, అది యాడ పారబోస్తం? బోరు పక్కన్నే గదా. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు వంకరపోయినోళ్ళను చూసుకుంట పెరిగినం, మళ్ళ మన చేతులతోటి నీళ్ళల్ల సీసం కలుపుతమా? కాచినా పోదది.

కంపెనీకిస్తే పైసలు తక్కువే, ఒక్కోసారి ఏమీ రావు, అది ముందే చెప్తున్న. కానీ బంగారం ఒక్కటే గాదు, బ్యాటరీల కోబాల్ట్ సుత తీస్తరు. టోక్యో ఒలింపిక్స్ మెడల్స్ అన్నీ ఇట్ల పాత ఫోన్లు, కంప్యూటర్లల్లకెల్లి తీసిన లోహాలతోటే చేసిన్రు, మన నీరజ్ చోప్రా మెడల పడ్డది గూడ. మనకాడ 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఈ-వేస్ట్ (పాత ఎలక్ట్రానిక్ సామాన్ల చెత్త) రూల్స్ అమల్లకొచ్చినయి, వాటి ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారు చేసిన కంపెనీలదే, అందుకే సర్వీస్ సెంటర్ల గట్టిగ అడగాలె. వేరేటోళ్ళకిస్తే పొల్యూషన్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉన్నదా చూడాలె. సిమ్ము, మెమరీ కార్డు తీసి రీసెట్ కొట్టుండ్రి, బ్యాటరీ ఉబ్బితే పొడవొద్దు, మంట లేస్తది.

మా ఇంట్ల ఏడు ఫోన్లు ఒక పెట్టెల వేసిన, పక్కిండ్లోళ్ళవి గలిపితే ఇరవై అయితయి, వచ్చే నెల హైదరాబాద్ పోయేటప్పుడు తీస్కపోత.